దాచి మోయడానికీ, రేంజ్‌లో కాల్చడానికీ ఒకే పిస్టల్: ఎలా ఎంచుకోవాలి

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి తుపాకీ ఉంచుకునే హక్కున్నవాళ్లు లైసెన్సు లేకుండానే పిస్టల్‌ను చొక్కా కింద పెట్టుకుని తిరగొచ్చు. అప్పట్నుంచి డాలస్, ఫ్రిస్కో, ఆస్టిన్, హ్యూస్టన్ ప్రాంతాల్లోని మనవాళ్లకీ ఈ ప్రశ్న ఎదురవుతోంది: ఏది కొనాలి? షాపులో అద్దాల కింద కనిపించిన వాటిలో అన్నిటికన్నా బుల్లిది కొనుక్కుని, రెండుసార్లు కాల్చి, చెయ్యి మండిపోయి, బీరువాలో పడేసేవాళ్లే ఎక్కువ. మోయడానికి తేలికైనది కాల్చడానికి కష్టపెడుతుంది, కాల్చడానికి హాయిగా ఉన్నది చొక్కా కింద ఉబ్బుతుంది. రెండు పనులకీ ఒకటే చాలాలంటే ముందు మీరు నెలనెలా కాల్చగలిగేది వెతకాలి, ఆ తర్వాత అది దాగుతుందో లేదో చూసుకోవాలి. ఈ వరస తిరగబడితే డబ్బు దండగ.

ముందుగా: అసలు మీరు కొనొచ్చా?

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, సందర్శకుల వీసా, వీటిలో ఏదైనా మీదైతే ఇక్కడే ఆగండి. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. టెక్సస్ చట్టం ఎంత సడలినా ఇది మారదు. శిక్ష 15 ఏళ్ల దాకా ఉంటుంది, పైగా తుపాకీ కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కావచ్చు. రేంజ్‌లో (కాల్చడం సాధన చేసే చోట) అద్దె పిస్టల్ పట్టుకుని నాలుగు రౌండ్లు, అంటే నాలుగు తూటాలు, కాల్చినా చట్టం దృష్టిలో అది దగ్గర ఉంచుకున్నట్టే. ఆఫీసు టీమ్ సరదాగా రేంజ్‌కి వెళ్తోందంటే వెళ్లి ఇరుక్కోకండి.

ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఈ నిషేధం వర్తించదు. టెక్సస్‌లో దాన్ని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇస్తుంది. ఇది చట్టంలో స్పష్టంగా ఉన్న దారే. అయినా గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తున్నవాళ్లు ముందు తమ ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడాకే అడుగు వేయాలి. లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు ఇంట్లో పిస్టల్ ఉంటే అది నేరమే.

గ్రీన్ కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకు ఈ అడ్డంకి లేదు. ప్రస్తుత చిరునామా ఉన్న డ్రైవర్ లైసెన్సు, గ్రీన్ కార్డు వెంట తీసుకెళ్లండి. షాపులో 4473 ఫారం నింపాలి, ఆ తర్వాత ఎఫ్‌బీఐ వ్యవస్థలో నేపథ్య తనిఖీ జరుగుతుంది. ఆ ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడుగుతారు. వీసా మీదున్న తమ్ముడి కోసమో, స్నేహితుడి కోసమో మీ పేరు మీద కొంటే మీరిద్దరూ దోషులే.

మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. భర్తకు గ్రీన్ కార్డు వచ్చింది, భార్య ఇంకా హెచ్-4 మీదే ఉంది. లేదా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. అప్పుడు పిస్టల్ పెట్టిన సేఫ్ కోడ్ వాళ్లకు తెలియకూడదు, తాళం వాళ్ల చేతికి అందకూడదు. వాళ్లు ముట్టుకోకపోయినా, తీసుకోగలిగే వీలుంటే దగ్గర ఉంచుకున్నట్టే లెక్కగట్టొచ్చు.

వేరే రాష్ట్రంలో ఉంటే అక్కడి నిబంధనలు వేరు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల డబ్బాలో) 10 రౌండ్లకు మించకూడదు. న్యూజెర్సీలో కొనడానికే ముందస్తు పర్మిట్ కావాలి, హాలో పాయింట్ (మొన బోలుగా ఉండే) తూటాలు వెంట మోయడం మీదా ఆంక్షలున్నాయి. తుపాకీ మోయడానికి టెక్సస్ ఇచ్చే లైసెన్సును ఈ మూడు రాష్ట్రాలూ గుర్తించవు. ఇకపై చెప్పేది టెక్సస్‌ను దృష్టిలో పెట్టుకునే.

సైజు: నాలుగు గుంపులు, అందులో రెండే మీకు పనికొచ్చేవి

అన్నిటికన్నా చిన్నవి జేబు పిస్టళ్లు. రూగర్ ఎల్‌సీపీ లాంటివి ఖాళీగా 280 గ్రాముల లోపే ఉంటాయి, .380 తూటా వాడతాయి. తూటా చిన్నది కదా, తన్నుడు తక్కువుంటుందని అనుకుంటారు. జరిగేది వేరు. బరువు లేని పిస్టల్‌లో ఆ తన్నుడంతా అరచేతి మీదే పడుతుంది, చిటికెన వేలుకి పట్టే ఉండదు. ఒక మ్యాగజైన్ కాల్చేసరికి చాలనిపిస్తుంది. రేంజ్ కోసమని దీన్ని కొనకండి.

రెండో గుంపు చిన్న రివాల్వర్లు. స్మిత్ అండ్ వెస్సన్ 642 సుమారు 410 గ్రాములు, 5 రౌండ్లు, .38 స్పెషల్. స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగక్కర్లేదు, ఇరుక్కోవడం అరుదు, అందుకే ఆడవాళ్లకు ఇదే మంచిదని కౌంటర్ వెనకాల కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా వినకండి. దాని ట్రిగ్గర్ బరువు 12 పౌండ్ల దగ్గర్లో ఉంటుంది. పొడవైన ఆ లాగుడు పూర్తయ్యేసరికి పిస్టల్ మొన పక్కకి జరుగుతుంది, గొట్టమేమో 2 అంగుళాలు కూడా ఉండదు. అది చెయ్యి తిరిగినవాళ్ల ఆయుధం.

మూడోది, ఇప్పుడు షాపుల్లో సగం చోటు ఆక్రమించింది: సన్నని 9 ఎంఎం పిస్టళ్లు. 2018లో వచ్చిన సిగ్ పి365 బాట మార్చింది. 3.1 అంగుళాల గొట్టం, దాదాపు 500 గ్రాములు, 10 రౌండ్లు. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్, షీల్డ్ ప్లస్ వచ్చాయి. ఇదే గుంపులో పిడి, గొట్టం కాస్త పొడుగైన అన్నలున్నారు: పి365 ఎక్స్‌ఎల్ (3.7 అంగుళాలు, 12 రౌండ్లు), గ్లాక్ 43ఎక్స్ (3.41 అంగుళాలు, 10 రౌండ్లు, ఖాళీ మ్యాగజైన్‌తో 530 గ్రాములు), హెల్‌క్యాట్ ప్రో.

నాలుగోది గ్లాక్ 19 కొలత. 4 అంగుళాల గొట్టం, 15 రౌండ్లు, ఖాళీ మ్యాగజైన్‌తో సుమారు 670 గ్రాములు. 1988 నుంచి దీన్ని కొలబద్దగా పెట్టుకునే మిగతావాటిని పోలుస్తున్నారు. రేంజ్‌లో 200 రౌండ్లు కాల్చినా చెయ్యి నొప్పెట్టదు. కాకపోతే 43ఎక్స్ కన్నా దాదాపు పావు అంగుళం మందం, ఆ పావు అంగుళమే నడుము దగ్గర తెలుస్తుంది.

మా మాట సూటిగా: సన్నని శరీరం, టీ షర్టు మీద తిరిగే అలవాటు ఉంటే మూడో గుంపులోని పొడుగు రకం తీసుకోండి. నడుం దగ్గర కొంచెం కండ ఉండి, చొక్కా టక్ చేయకుండా వేసుకునేవాళ్లయితే గ్లాక్ 19 కొలత. పొట్టి పి365ని మొదటి పిస్టల్‌గా తీసుకుంటే నేర్చుకోవడం నెమ్మదిస్తుంది.

తూటా విషయంలో చర్చ అక్కర్లేదు, 9 ఎంఎం తీసుకోండి. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, .40 తూటా కన్నా తన్నుడు తక్కువ.

కౌంటర్ దగ్గర చేత్తో చేసే పరీక్ష

అమ్మేవాళ్లు స్లైడ్ వెనక్కి లాగి ఖాళీగా ఉందని చూపించి ఇస్తారు. మీరూ కంటితో చూసి, చిటికెన వేలు చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) పెట్టి తడిమి నిర్ధారించుకోండి. ఎవరు చూపించినా సరే, చేతికి వచ్చిన ప్రతిసారీ ఇది చేయాల్సిందే. మొన మనుషుల వైపు తిప్పొద్దు, వేలు ట్రిగ్గర్ మీద కాకుండా పక్కన ఫ్రేమ్ మీద చాచి ఉంచండి.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం పిడి వెనక ఎంత పైకి పోతే అంత పైకి ఆనించి పట్టుకోండి. ముంజేయి ఎముక, గొట్టం ఒకే గీత మీద ఉండాలి. ఇప్పుడు వేలు ట్రిగ్గర్ దాకా చాపి చూడండి. వేలి మొదటి కణుపుకీ కొసకీ మధ్యనున్న మెత్తని భాగం ట్రిగ్గర్ మీద కూర్చోవాలి. కొస మాత్రమే అందుతూ, అందుకోవడానికి పిస్టల్‌ని చేతిలో పక్కకి తిప్పాల్సి వస్తే ఆ పిడి మీకు పెద్దది. తిప్పి పట్టుకున్న పిస్టల్ ప్రతి తూటాకీ కొద్దిగా జారి, మళ్లీ సర్దుకోమంటుంది. పిడి వెనక ప్లేటు మార్చుకునే వీలుంటే చిన్నది పెట్టమని అడగండి.

తర్వాత చిటికెన వేలు చూడండి. అది గాల్లో వేలాడుతుంటే తన్నుడు అదుపులో ఉండదు. కింద కొసరు ఉన్న మ్యాగజైన్ పెడితే కొన్నిటిలో సరిపోతుంది.

స్లైడ్‌ని వరసగా 5 సార్లు లాగండి. బొటనవేలు, చూపుడువేలుతో గిల్లినట్టు పట్టుకుంటే బలవంతులకూ కష్టమే. పిస్టల్‌ని ఛాతీకి దగ్గరగా తెచ్చుకుని, ఎడమ అరచేయి స్లైడ్ వెనక భాగం మీద కప్పి నాలుగు వేళ్లతో బిగించండి. అప్పుడు కుడిచేత్తో పిడిని ముందుకు నెడుతూ, ఎడమచేత్తో వెనక్కి లాగి ఒక్కసారిగా వదిలేయండి. మొన మీ ఎడమ మోచేతి వైపు తిరక్కుండా చూసుకోండి, ఈ పని చేసేటప్పుడు చాలామంది తెలియకుండా అలా తిప్పేస్తారు. పద్ధతి సరిగ్గా చేసినా రాకపోతే షీల్డ్ ఈజెడ్ చూడండి, దాని స్ప్రింగు మెత్తన. దానికి పిడి వెనక నొక్కే సేఫ్టీ ఉంది కాబట్టి చెయ్యి పూర్తిగా బిగించకపోతే పేలదు. కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకు అది బాగా సరిపోతుంది.

అడిగి, అనుమతి తీసుకుని ఒకట్రెండు సార్లు ఖాళీగా ట్రిగ్గర్ లాగండి. ఈ పిస్టళ్లలో అది 5 నుంచి 6 పౌండ్ల మధ్య ఉంటుంది. అంతకన్నా తేలికగా చేసిన మార్పులున్న పాత పిస్టల్ కొనొద్దు.

కొనేముందు 50 రౌండ్ల పరీక్ష

కౌంటర్ దగ్గర నచ్చినవాటిలో రెండింటిని అద్దెకు తీసుకోండి. మొదటిసారి వెళ్తుంటే తోడు తీసుకెళ్లండి, సొంత తుపాకీ లేకుండా ఒంటరిగా వచ్చే కొత్తవాళ్లకు చాలా రేంజ్‌లు అద్దెకివ్వవు. ఆత్మహత్యల భయంతో పెట్టుకున్న నియమం అది. లోపలి రేంజ్‌లో చెవుల్లో స్పంజి బిరడాలు, వాటి మీద మఫ్‌లు రెండూ పెట్టుకోండి. పిస్టల్ చప్పుడు 150 డెసిబెల్స్ పైనే, పైకప్పు కింద ఇంకా ఘోరం. గర్భిణులు రేంజ్‌కి దూరంగా ఉండటమే మంచిది, అక్కడ చప్పుడుతో పాటు గాల్లో సీసం కూడా ఉంటుంది.

ఒక్కో పిస్టల్‌కి 50 రౌండ్లు, 115 గ్రెయిన్ల (గుండు బరువు) మామూలు ఎఫ్‌ఎంజే తూటాలు, అంటే గుండు మీద లోహపు తొడుగు ఉన్నవి, చాలు. ఇలా కాల్చండి:

1. 3 గజాల దూరం. తెల్లకాగితం మీద రూపాయి బిళ్లంత చుక్క. 5 రౌండ్లు, తొందర లేకుండా. ఈ కాగితం దాచండి.
2. 7 గజాలు. 5 చొప్పున నాలుగు విడతలు. ప్రతి విడత తర్వాత పిస్టల్ కింద పెట్టి, మళ్లీ మొదట్నుంచి పట్టు పట్టండి.
3. 7 గజాలే, 2 సెకన్లకు ఒక తూటా. 10 రౌండ్లు.
4. 15 గజాలు, 10 రౌండ్లు.
5. మళ్లీ 3 గజాలు, కొత్త కాగితం, చివరి 5.

మొదటి కాగితాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టండి. చివరిది మెరుగైతే ఆ పిస్టల్ మీకు నేర్పుతోంది. చెదిరిపోయి ఉంటే మీ చెయ్యి అలిసిపోయింది, ఆ పిస్టల్‌తో మీరు సాధన చేయరు. అందుకే 10 రౌండ్లు కాల్చి తీర్పు చెప్పకూడదు.

కుడిచేతివాటం వాళ్లకు గుండ్లన్నీ కింద ఎడమకి పడుతుంటే (ఎడమచేతివాటమైతే కింద కుడికి) సైట్లను (గురి చూసే గుర్తులను) అనుమానించకండి. పేలబోతోందని చెయ్యి ముందే బిగుసుకుని మొనని కిందికి నొక్కుతోంది. విరుగుడు: తోడొచ్చినవాళ్లతో మ్యాగజైన్‌లో అసలు రౌండ్ల మధ్య ఒకట్రెండు డమ్మీ (పేలని) రౌండ్లు మీకు తెలియకుండా పెట్టించండి. డమ్మీ వచ్చినప్పుడు మొన గబుక్కున వంగడం మీ కళ్లతో మీరే చూస్తారు. చూశాక అది తగ్గడం మొదలవుతుంది.

ఖాళీ గుల్ల పొగగొట్టంలా నిలబడి స్లైడ్‌లో ఇరుక్కుంటే, సాధారణంగా మణికట్టు వదులుగా పట్టుకోవడమే కారణం. పిస్టల్ మొత్తం వెనక్కి కదిలిపోవడంతో స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. చిన్న, తేలిక పిస్టళ్లలో ఇది ఎక్కువ. మ్యాగజైన్ అడుగున అరచేత్తో గట్టిగా తట్టి, స్లైడ్ లాగి వదిలితే సరిపోతుంది. ఆఖరి రౌండ్ తర్వాత స్లైడ్ వెనక ఆగకపోతే మీ బొటనవేలు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని వెనక ఆపే మీట) మీద ఆని ఉంది, వేలు కాస్త కిందికి దించండి.

రెండు సందర్భాల్లో మాత్రం తట్టి లాగొద్దు. టిక్ మని పేలకపోతే మొన టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. మామూలు చప్పుడుకి బదులు టప్ మని మెత్తగా వినిపిస్తే అక్కడికక్కడ ఆపేయండి. గుండు గొట్టంలోనే ఉండిపోయి ఉండొచ్చు, వెనకే ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. రేంజ్ సిబ్బందిని పిలవండి.

ఖర్చు లెక్క

పైన చెప్పిన పిస్టళ్లలో ఎక్కువ భాగం సుమారు 500 నుంచి 650 డాలర్ల మధ్య దొరుకుతాయి. మిగతావాటికి దాదాపు అంతే పక్కన పెట్టండి: హోల్‌స్టర్ (పిస్టల్ ఒర), గట్టి బెల్టు, చిన్న సేఫ్, రెండు అదనపు మ్యాగజైన్లు, మొదటి 500 రౌండ్లు, ఒక రోజు శిక్షణ. బడ్జెట్ చాలకపోతే చవక పిస్టల్‌కి దిగొచ్చు గానీ చవక హోల్‌స్టర్‌కి దిగకండి. మ్యాగజైన్ నింపడానికి వేళ్లు నొప్పెడితే అప్‌లూలా అనే చిన్న ప్లాస్టిక్ లోడర్ కొనుక్కోండి, రేంజ్‌కి వెళ్లాలన్న ఉత్సాహం దానివల్లే సగం నిలబడుతుంది.

రెడ్ డాట్ సైటు (చిన్న అద్దంలో ఎర్ర చుక్కతో గురి చూపేది) ఇప్పుడే వద్దు. స్లైడ్ మీద దాన్ని బిగించే చోటున్న రకం మాత్రం కొని ఉంచుకోండి. పట్టు కుదరకముందే డాట్ పెడితే ప్రతిసారీ అద్దంలో చుక్కని వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

దాచడం: బయటపెట్టేది పిడి, గొట్టం కాదు

గొట్టం ప్యాంటు లోపలికి పోతుంది, ఎంత పొడుగైనా కనిపించదు. చొక్కాని పొడుచుకొచ్చేది పిడి అడుగు మూల. అందుకే గ్లాక్ 19 కన్నా పిడి పొట్టిగా ఉన్నది తేలిగ్గా దాగుతుంది. హోల్‌స్టర్ పక్కనుండే చిన్న రెక్క బెల్టుకి ఆని పిడిని ఒంట్లోకి తిప్పుతుంది, కింద అతికించే మెత్తని దిండు మొనని బయటికి నెట్టి పిడిని లోపలికి వంచుతుంది. ఈ రెండూ ఉన్నదే తీసుకోండి.

హోల్‌స్టర్ కైడెక్స్ లాంటి గట్టి ప్లాస్టిక్‌తో, సరిగ్గా మీ మోడల్‌కే చేసినదై ఉండాలి. ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా కప్పాలి, బయటి నుంచి వేలితో నొక్కినా ట్రిగ్గర్ కదలకూడదు. అన్ని సైజులకూ సరిపోతుందని అమ్మే మెత్తటి గుడ్డ సంచులు ప్రమాదం. మెత్తబడిన అంచు లోపలికి ముడుచుకుని ట్రిగ్గర్‌ని నొక్కిన సంఘటనలున్నాయి. బెల్టు ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో, వంగకుండా గట్టిగా ఉండాలి.

ప్రమాదవశాత్తూ పేలే సందర్భాల్లో పిస్టల్‌ని తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టే క్షణం ముఖ్యమైనది. చొక్కా అంచు, జాకెట్ తాడు ట్రిగ్గర్ దగ్గర చిక్కుకుంటాయి. చొక్కా పూర్తిగా పైకెత్తి, వేలు ఫ్రేమ్ మీద చాచి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా దించండి. ఇంట్లో అయితే హోల్‌స్టర్‌ని ఒంటి మీంచి తీసి, అందులో పిస్టల్ పెట్టి, మొత్తాన్నీ కలిపి నడుముకి తగిలించుకోవడం ఇంకా క్షేమం.

కుర్తా, లెగ్గింగ్స్ వేసుకునేవాళ్లకు బెల్టు ఉండదు. ట్రిగ్గర్ దగ్గర గట్టి కవచం ఉన్న నడుం పట్టీలు దొరుకుతాయి, వాటిలో సన్నని పిస్టల్ చక్కగా దాగుతుంది. హ్యాండ్‌బ్యాగులో మాత్రం వద్దు. బ్యాగు కుర్చీకి తగిలించి పక్కకి వెళ్తారు, పిల్లలు చాక్లెట్ కోసం చెయ్యి పెడతారు.

ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో రెండు వారాలు తిరిగి చూడండి. కారెక్కడం, వంగి బూట్లు కట్టుకోవడం, పిల్లల్ని ఎత్తుకోవడం. గుచ్చుకుంటే హోల్‌స్టర్‌ని అర అంగుళం అటూ ఇటూ జరపండి. సాధారణంగా పిస్టల్ మార్చక్కర్లేదు.

మోయడానికి ముందు నమ్మకం

కొన్న పిస్టల్‌తో వరసగా 200 మామూలు రౌండ్లు, ఆ తర్వాత మీరు మోయబోయే హాలో పాయింట్ రకంలో కనీసం 50 రౌండ్లు, ఎక్కడా ఇరుక్కోకుండా పేలాలి. ఇరుక్కుంటే మ్యాగజైన్ మార్చి చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. అందుకే మ్యాగజైన్లకు మార్కర్‌తో అంకెలు వేయండి. ఫెడరల్ హెచ్‌ఎస్‌టీ, స్పీర్ గోల్డ్ డాట్, 124 గ్రెయిన్లు, వీటిలో ఏది మీ పిస్టల్‌లో సాఫీగా నడిస్తే అది.

ఒకే రౌండ్‌ని రోజూ చాంబర్‌లో పెడుతూ తీస్తూ ఉంటే గుండు గుల్లలోకి కొంచెం కొంచెంగా దిగిపోతుంది. దాన్ని పెట్టెలోని కొత్త రౌండ్ పక్కన బల్లమీద నిలబెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే వాడొద్దు. లోపలి చోటు తగ్గితే పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది.

లైసెన్సు తప్పనిసరి కాకపోయినా టెక్సస్ ఎల్‌టీసీ (తుపాకీ వెంట మోసే లైసెన్సు) తీసుకోమనే చెబుతాం. ఫీజు 40 డాలర్లు. 50 రౌండ్ల పరీక్షలో 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10 కాల్చాలి. 250కి 175 వస్తే పాస్. బడికి 1,000 అడుగుల లోపు తుపాకీతో వెళ్లడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం నుంచి రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. శివారు కాలనీల్లో బడి దాటకుండా కూరగాయలకు కూడా వెళ్లలేం కదా. బడి భవనంలోకి మాత్రం లైసెన్సు ఉన్నా తీసుకెళ్లకూడదు. 51 శాతం అని ఎర్రగా రాసిన బార్లు, కోర్టులు, ఎయిర్‌పోర్టు భద్రతా ప్రాంతం కూడా అంతే. గుడి గుమ్మం దగ్గర 30.06 బోర్డు (లైసెన్సు ఉన్నా దాచిన పిస్టల్‌తో రావద్దని చెప్పేది) ఉందేమో చూసి లోపలికి వెళ్లండి. పోలీసులు కారు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచి, డ్రైవర్ లైసెన్సుతో పాటు ఎల్‌టీసీ కూడా ఇవ్వండి.

ఇంట్లో, శుభ్రం చేసేటప్పుడు, ప్రయాణంలో

ఒంటిమీద లేనప్పుడు పిస్టల్ తాళంలో ఉండాలి. బీరువా పైఅర, దిండు కింద, కారు డ్యాష్‌బోర్డు, ఇవేవీ తాళం కావు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు నిండిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. మంచం పక్కన బటన్లు నొక్కితే తెరుచుకునే సేఫ్ పెట్టి, దాన్ని ఫర్నిచర్‌కి బోల్టులతో బిగించండి. ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉంటే, ఆ కాలమంతా పిస్టల్‌ని ఇంటి నుంచే తరలించండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే 988కి ఫోన్ చేయొచ్చు.

ఖాళీ పిస్టల్‌తో సాధన చేసే గదిలో తూటాలుండకూడదు. గ్లాక్‌ని విప్పాలంటే ముందు ట్రిగ్గర్ లాగాలి, శుభ్రం చేస్తూ పేలిందనే వార్తలకు కారణం చాలావరకు ఇదే. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, చూసి, తడిమి, మళ్లీ చూసి, అప్పుడు గోడవైపు గాక క్షేమమైన దిక్కుకి తిప్పి లాగండి. మ్యాగజైన్ తీయకుండా స్లైడ్ లాగితే చాంబర్‌లోకి ఇంకో రౌండ్ ఎక్కుతుంది, వరస మారకూడదు. సిగ్ పి365ని ట్రిగ్గర్ లాగకుండానే విప్పొచ్చు, పిల్లలున్న ఇళ్లలో ఇది లెక్కలోకి తీసుకోదగ్గ తేడా. నూనె స్లైడ్ పట్టాల మీద, గొట్టం పైభాగాన చుక్క చొప్పున చాలు. స్ట్రైకర్ (తూటా వెనక కొట్టే సూది) రంధ్రంలో పోస్తే మసి ముద్దకట్టి, తూటా వెనక బలంగా కొట్టక టిక్ మని ఊరుకుంటుంది. రేంజ్ నుంచి రాగానే చల్లటి నీళ్లు, సబ్బుతో చేతులు, మొహం కడుక్కుని, బట్టలు విడిగా ఉతకండి. పిల్లల్ని ఎత్తుకోవడం ఆ తర్వాతే.

రేంజ్‌కి ఒక బ్యాగు ప్రత్యేకంగా పెట్టుకోండి, ఆ బ్యాగు ఎప్పుడూ విమానం ఎక్కకూడదు. జేబు కుట్టులో దాక్కున్న ఒక్క రౌండ్ శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం కింద కేసవుతుంది, సెలవులు పోలీస్ స్టేషన్ చుట్టూ గడిచిపోతాయి. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసు సర్దేముందు, రేంజ్‌కి వేసుకెళ్లిన జాకెట్ జేబులన్నీ బయటికి తిప్పి దులపండి.